నల్ల సముద్రం ఒడ్డున గ్రీకులు, పక్కనే సిథియన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఓల్బియా అనే గ్రీకు పట్టణంలోకి అడుగుపెట్టగానే, దాని వెనక గడ్డి మైదానాన్ని ఏలే సిథియన్ జాతి రాజు ఒకడు బట్టలు మార్చుకునేవాడు. వెళ్ళేటప్పుడు మళ్ళీ తన బట్టలు తొడుక్కుని గుర్రమెక్కేవాడు. కింద ఉన్న ప్రశ్నల్లో చాలావరకు తిరిగి తిరిగి ఆ కోట గుమ్మం దగ్గరికే వస్తాయి. ఆ రాజు కథ మాత్రమే కావాలనుకుంటే సగం దాకా దిగిపోండి, ఏమీ అనుకోను.

ఇదంతా ఎక్కడ, ఎప్పుడు జరిగింది?

నల్ల సముద్రం ఉత్తరపు ఒడ్డున. ఇప్పటి లెక్కలో దక్షిణ ఉక్రెయిన్, క్రిమియా, కొంత రష్యా, కొంత రుమేనియా. క్రీ.పూ. 7వ శతాబ్దం రెండో సగంలో గ్రీకులు బెరెజాన్ అనే చోట దిగారు. ఇప్పుడది చిన్న దీవి. ఆ తరవాతి శతాబ్దంలో దక్షిణ బుగ్ నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఓల్బియా లేచింది. నీపర్ నది కూడా అక్కడికి దగ్గరే. క్రిమియా తూర్పు కొసన పాంటికపేయం వచ్చింది, ఇప్పటి కెర్చ్ ఊరు అదే. వీళ్ళలో ఎక్కువమంది మిలేటస్ నుంచి వచ్చినవాళ్ళు. మిలేటస్ ఉన్నది ఇప్పటి టర్కీ పడమటి తీరంలో. అంటే వీళ్ళు గ్రీసు గడ్డ మీది గ్రీకులు కూడా కాదు, సముద్రానికి ఇవతలి గ్రీకులు.

కథ మొత్తం దాదాపు 700 ఏళ్ళు సాగుతుంది. అందుకే "గ్రీకులకీ సిథియన్లకీ పడేదా, పడేది కాదా?" అని ఎవరైనా అడిగితే, ఏ శతాబ్దంలో అని ఎదురు అడగాలి.

ఈ పట్టణాల్ని గ్రీకు కాలనీలు అంటారు, అంటే బ్రిటిష్‌వాళ్ళు మన దగ్గర చేసినట్టేనా?

ఆ మాటే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. గ్రీకులు వాడిన మాట అపోయికియా, అంటే సొంతింటికి దూరంగా పెట్టుకున్న ఇల్లు. ఓల్బియాలో మిలేటస్ గవర్నరు లేడు, శిస్తు కట్టి పంపింది లేదు. తల్లి ఊరితో దేవుళ్ళు, పండగలు, నెలల పేర్లు కలిసేవి. పరిపాలన మాత్రం ఎవరిది వాళ్ళదే. పైగా వెనక ఉన్న గడ్డి మైదానం మీద ఈ పట్టణాలకు ఏ అధికారమూ లేదు. బలం ఉన్నది అవతలివైపు, గుర్రాల మీద. ఒడ్డున గుప్పెడు నేల పట్టుకుని, ఇరుగుపొరుగు దయ మీద, బేరం మీద బతికిన ఊళ్ళివి.

అంత చలిలోకి ఎందుకు వెళ్ళారు?

మిలేటస్ వెనక లిడియా రాజ్యం నేలను నొక్కుతూ వచ్చింది, ఊళ్ళో జనం ఎక్కువయ్యారు. అటు చూస్తే పెద్ద నదులు, విపరీతంగా చేపలు, నల్లమట్టి, గోధుమ. వెళ్ళడానికి ఇవి చాలు. గ్రీకులు మొదట ఆ సముద్రాన్ని అతిథుల్ని ఆదరించని సముద్రం అనేవాళ్ళట. తరవాత దాన్నే తిరగేసి ఆదరించే సముద్రం అని మంచి పేరు పెట్టారు. కొన్ని పేర్లు భయంతోనే మంచిగా పెడతారు, మనకు తెలియనిదేం కాదు.

చలి గురించి ఒక చిన్న సంగతి. పాంటికపేయంలో ఒక పూజారి నీళ్ళు గడ్డకట్టి పగిలిపోయిన కంచు బిందెను గుళ్ళో దేవుడికి సమర్పించాడు. దాని మీద పద్యం రాయించాడు. ఇది అందమైన కానుక అని పెట్టలేదు, మా ఊరి చలికాలం ఎలాంటిదో నమ్మనివాళ్ళకు రుజువుగా పెట్టాను అని ఆ పద్యం సారాంశం. భూగోళ రచయిత స్ట్రాబో దీన్ని నమోదు చేశాడు. ఆలివ్ చెట్ల నీడన పెరిగిన జనం మొదటి తరాల్లో సగం నేలలోకి తవ్వుకున్న గుడిసెల్లో కాపురం చేశారంటే ఆశ్చర్యం లేదు. బెరెజాన్, ఓల్బియా తవ్వకాల్లో అలాంటి ఇళ్ళు చాలా బయటపడ్డాయి.

సిథియన్లు అంటే అందరూ గుర్రాల మీద తిరిగేవాళ్ళేనా?

కాదు. ఇరానీ కుటుంబానికి చెందిన భాష మాట్లాడే గుర్రపు జాతులు వీళ్ళలో పైచేయి. బండ్ల మీద ఇళ్ళు, గుర్రం పాలు, వంపు తిరిగిన చిన్న విల్లు, మొనదేలిన టోపీ, కాళ్ళకు షరాయి. కానీ క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఈ సంగతులన్నీ రాసిన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్, ఓల్బియా నుంచి లోపలికి వెళ్తుంటే ఒక్కొక్క రకం జనం తగులుతారని చెప్పాడు. మొదట కల్లిపిడై. వీళ్ళను ఆయన గ్రీకు సిథియన్లు అన్నాడు. వీళ్ళు గోధుమ, ఉల్లి, వెల్లుల్లి, పప్పులు పండించుకు తింటారు. ఇంకా పైకి వెళ్తే దున్నుకునే సిథియన్లు. వాళ్ళు గోధుమ పండించేది తినడానికి కాదు, అమ్మడానికి. వాళ్ళందరికీ అవతల ఎక్కడో రాజ సిథియన్లు, మిగతావాళ్ళంతా తమ బానిసలే అనుకునేవాళ్ళు.

కాబట్టి ఊరి గోడకు ఇటు గ్రీకు, అటు సిథియన్ అని గీత గీస్తే ఆ కల్లిపిడై ఎటూ పట్టరు.

మన శాలివాహన శకంలోని శకులు వీళ్ళేనా?

అన్నదమ్ముల పిల్లలు అనుకోండి. పర్షియన్లు ఈ గుర్రపు జాతులన్నిటినీ కలిపి శకులు అనేవాళ్ళని హెరొడోటసే చెప్పాడు. మన దేశంలోకి వచ్చిన శకులు మధ్య ఆసియా వైపు నుంచి, కొన్ని వందల ఏళ్ళ తరవాత వచ్చినవాళ్ళు. ఓల్బియా పక్కన బతికినవాళ్ళు కాదు. భాష, వేషం, గుర్రం, విల్లు మాత్రం ఒకే కుదురు.

ఇంకో సగం కూడా మన దగ్గర ఉంది. యవన అనే మాట అయోనియా అన్న పేరు నుంచి వచ్చింది. ఓల్బియా కట్టిన మిలేటస్‌వాళ్ళు అచ్చమైన అయోనియన్లు. గౌతమీపుత్ర శాతకర్ణిని శక యవన పహ్లవ నిషూదనుడని ఆయన తల్లి గౌతమీ బలశ్రీ నాసిక్ శాసనంలో పొగిడింది. నల్ల సముద్రం ఒడ్డున గోడకు అటూ ఇటూ ఉన్న రెండు పేర్లు, సాతవాహనుల శాసనంలో ఒకే సమాసంలో పక్కపక్కన కూర్చున్నాయి. క్రీ.శ. 78 నుంచి లెక్కపెట్టే శకం ఇప్పటికీ మన పంచాంగం మొదటి పేజీలో ఉంది.

ఏం అమ్మేవాళ్ళు? ఏం కొనేవాళ్ళు?

గ్రీకు ఓడల్లో వైన్, ఆలివ్ నూనె, రంగు బొమ్మల మట్టిపాత్రలు వచ్చేవి. ఇక్కడి నుంచి గోధుమ, తోళ్ళు, తేనె, మైనం, ఉప్పు చేప, బానిసలు వెళ్ళేవాళ్ళు. నీపర్ ముఖద్వారంలో ఉప్పు దానంతటదే పేరుకుంటుందనీ, ముళ్ళు లేని పెద్ద చేపలు దొరుకుతాయనీ, వాటిని ఊరబెడతారనీ హెరొడోటస్ నోరూరేలా రాశాడు. స్టర్జన్ చేప అన్నమాట.

గోధుమ సంగతి చిన్నది కాదు. క్రీ.పూ. 4వ శతాబ్దంలో పాంటికపేయాన్ని ఏలిన ల్యూకాన్ రాజ్యం నుంచి ఏథెన్స్‌కు ఏటా సుమారు 4,00,000 మెడిమ్నోయ్ ధాన్యం వస్తోందని అక్కడి వక్త డెమొస్తనీస్ న్యాయసభలో చెప్పాడు. మెడిమ్నోస్ అంటే 50 లీటర్లు దాటే కొలత. ఏథెన్స్ వర్తకులకు ల్యూకాన్ ముప్పైయవ వంతు ఎగుమతి సుంకం మాఫీ చేశాడు, ఏథెన్స్ బదులుగా ఆయనకు పౌరసత్వం ఇచ్చింది. ప్రజాస్వామ్యం గురించి ఏథెన్స్‌లో అంత తీరిగ్గా వాదించుకున్నారంటే, పూట గడవడంలో ఈ గోధుమకు వాటా ఉంది.

డబ్బు గురించి కూడా ఒక మాట. ఓల్బియాలో మొదట్లో బాణం మొన ఆకారంలో పోతపోసిన కంచు ముక్కలు, తరవాత చిన్న చిన్న డాల్ఫిన్ ఆకారం కంచు ముక్కలు డబ్బుగా తిరిగాయి. వేలెడంత కూడా లేని చేప బొమ్మ ఇచ్చి సరుకు కొనుక్కోవడం! గ్రీకు ప్రపంచంలో ఇలాంటి డబ్బు చాలా అరుదు.

బానిసలుగా సిథియన్లనే అమ్మేవాళ్ళా?

అమ్మినవాళ్ళలో సిథియన్లున్నారు, అమ్ముడుపోయినవాళ్ళలోనూ ఉన్నారు. యుద్ధాల్లో పట్టుకున్నవాళ్ళను తెచ్చి తీరంలో అప్పగిస్తే గ్రీకు వర్తకులు ఓడ ఎక్కించేవాళ్ళు. ఈ వ్యాపారం గురించి రాసేటప్పుడు చాలామంది వైన్ జాడీలు, బంగారం దగ్గర ఆగిపోతారు, ఇది దాటేస్తారు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఏథెన్స్ నగరం 300 మంది సిథియన్ విలుకాళ్ళను కొని పోలీసు పనికి పెట్టుకుంది. సభలో గోల చేసినవాణ్ణి పట్టుకుని బయటికి లాగేది వీళ్ళే. సొంత పౌరుడి మీద పౌరుడు చెయ్యి వెయ్యడం బాగోదని, ఆ పని బానిసతో చేయించారు. అక్కడి హాస్య నాటకాల్లో వీళ్ళ వచ్చీరాని గ్రీకును వెక్కిరించి జనాన్ని నవ్వించేవాళ్ళు.

మామూలు వర్తకుడి బతుకు ఎలా ఉండేది?

టెన్షన్‌తో. 1970లో బెరెజాన్‌లో చుట్టచుట్టిన సీసపు రేకు ఒకటి దొరికింది. విప్పితే క్రీ.పూ. 500 ప్రాంతంలో ఒక తండ్రి కొడుక్కి రాసిన ఉత్తరం. తండ్రి పేరు అఖిల్లొడోరస్, కొడుకు ప్రోటాగొరస్. మతాసిస్ అనేవాడు నాకు అన్యాయం చేస్తున్నాడు, సరుకు లాక్కున్నాడు, నన్నే బానిసను చేసుకోవాలని చూస్తున్నాడు, నువ్వు వెంటనే అనక్సాగొరస్ దగ్గరికి వెళ్ళి చెప్పు అని మొర. మతాసిస్ వాదన ఇంకోలా ఉంది. నా ఆస్తి, నా బానిసలు, నా ఇళ్ళు అనక్సాగొరస్ దగ్గర ఉండిపోయాయి, నువ్వు అనక్సాగొరస్ బానిసవి, కాబట్టి నిన్ను పట్టుకుంటాను అంటాడు. నేను స్వతంత్రుణ్ణి, వాళ్ళిద్దరి మధ్య ఏముందో వాళ్ళకే తెలియాలి అని తండ్రి మొత్తుకుంటాడు.

మతాసిస్ అన్నది గ్రీకు పేరులా వినపడదు, అతనెవరన్న దాని మీద పండితుల మధ్య వాదన ఉంది. నాకు మాత్రం ఆ వాదన కంటే ఉత్తరమే ముఖ్యం. ఎవరి అప్పుకో ఇంకెవరినో పట్టుకోవడం, నువ్వు స్వతంత్రుడివని చెప్పడానికి మరొకరి సాక్ష్యం కావాల్సి రావడం, ఆ ఒడ్డున బతుకు ఇలా ఉండేది. ఉత్తరం కొడుక్కి చేరిందో లేదో గానీ మన దాకా వచ్చింది.

బట్టలు మార్చుకున్న రాజు కథ ఏమిటి?

పేరు స్కైలెస్. సిథియన్ రాజు అరియపీథెస్ కొడుకు. తల్లి ఇస్ట్రియా అనే గ్రీకు పట్టణపు మనిషి. ఇస్ట్రియా డాన్యూబ్ ముఖద్వారానికి దగ్గర, ఇప్పటి రుమేనియాలో. కొడుక్కి ఆమె తన భాష, తన అక్షరాలు నేర్పింది. తండ్రి చచ్చిపోయాక స్కైలెస్ రాజయ్యాడు. సిథియన్ల బతుకు అతనికి రుచించలేదు.

సైన్యాన్ని తీసుకుని ఓల్బియా దాకా వచ్చేవాడు. సైన్యాన్ని ఊరి బయట దింపి, తానొక్కడే లోపలికి వెళ్ళి తలుపులు వేయించేవాడు. సిథియన్ బట్టలు విప్పి గ్రీకు బట్టలు కట్టుకుని, వెనక అంగరక్షకుడు లేకుండా బజార్లో తిరిగేవాడు. ఈ వేషంలో తనవాళ్ళెవరూ చూడకూడదని గుమ్మాల దగ్గర కాపలా. నెల రోజులో, ఇంకా ఎక్కువో ఉండి, మళ్ళీ సిథియన్ వేషంతో వెళ్ళిపోయేవాడు. ఊళ్ళో పెద్ద ఇల్లు కట్టించుకున్నాడు. చుట్టూ తెల్ల పాలరాతి స్ఫింక్స్‌లు (మనిషి తల, సింహం ఒళ్ళు), గ్రిఫిన్లు (గద్ద తల, రెక్కలు, సింహం ఒళ్ళు). అక్కడి ఆడమనిషిని పెళ్ళి చేసుకుని ఆ ఇంట్లో పెట్టాడు.

తరవాత డయొనిసస్ దేవుడి దీక్ష తీసుకోవాలనుకున్నాడు. పిడుగు పడి ఆ ఇల్లు తగలబడింది. అయినా ఆగలేదు, దీక్ష పూర్తి చేశాడు. సిథియన్లకు ఈ దేవుడంటే గిట్టదు. మనుషులకు పూనకం తెప్పించి పిచ్చెక్కించే దేవుడు దేవుడేమిటని వాళ్ళ అభ్యంతరం. ఓల్బియావాడు ఒకడు వాళ్ళ దగ్గరికి వెళ్ళి, మమ్మల్ని చూసి నవ్వుతారు కదా, ఇప్పుడు మీ రాజుకే పూనింది, రండి చూపిస్తాను అని పెద్దల్ని రహస్యంగా బురుజు ఎక్కించాడు. కింద పూనకంతో ఊగే గుంపులో తమ రాజు వెళ్తుంటే వాళ్ళు కళ్ళారా చూశారు.

మిగతాది త్వరగా అయిపోయింది. సైన్యం తిరగబడి అతని తమ్ముడు ఆక్టమసదెస్‌ను నిలబెట్టింది. స్కైలెస్ డాన్యూబ్‌కు దక్షిణాన ఉన్న థ్రేస్‌కు పారిపోయాడు. థ్రేస్ రాజు సిటాల్కెస్ తమ్ముడు ఒకడు ఇటు ఆక్టమసదెస్ దగ్గర ఉన్నాడు. డాన్యూబ్ ఒడ్డున ఇద్దరూ మనుషుల్ని మార్చుకున్నారు, ఇతన్ని తీసుకుని అతన్ని ఇచ్చారు. ఆక్టమసదెస్ అక్కడికక్కడే అన్న తల తీయించాడు.

ఈ కథలో నన్ను ఎప్పుడూ ఆపేది ఆ ఓల్బియావాడు. రాజును పట్టించింది సిథియన్ గూఢచారి కాదు. వాళ్ళ ఊరి అల్లుణ్ణి వాళ్ళ ఊరివాడే పట్టించాడు, అదీ ఎగతాళికి బదులు తీర్చుకోవడానికి.

ఇది నిజంగా జరిగిందా, కట్టుకథా?

ఉంగరం ఉంది. ఇస్ట్రియా దగ్గర్లో దొరికిన బంగారు ఉంగరం మీద గ్రీకు అక్షరాల్లో స్కైలెస్ పేరు చెక్కి ఉంది. అతని పేరు అక్షరాలతో నికోనియన్ అనే ఊళ్ళో పోతపోసిన నాణేలూ దొరికాయి. పిడుగు, బురుజు సంగతులు హెరొడోటస్ విన్న కథ. మనిషి మాత్రం ఉన్నాడు, తల్లి ఊరితో సంబంధమూ ఉంది.

ఇద్దరి మధ్య పెళ్ళిళ్ళు మామూలేనా?

మామూలే గానీ, ఎవరికైనా దెబ్బ కొట్టాలంటే అదే పనికొచ్చేది. డెమొస్తనీస్ తాత (తల్లి తండ్రి) గైలాన్ ఏథెన్స్ నుంచి బోస్పొరస్ రాజ్యానికి, అంటే పాంటికపేయం రాజధానిగా ఉన్న రాజ్యానికి, పారిపోయి అక్కడ డబ్బున్న పిల్లను చేసుకున్నాడు. ఆమె సిథియన్ అని డెమొస్తనీస్ శత్రువు ఈస్కినీస్ ప్రచారం చేశాడు. నీకు గ్రీకు భాష వచ్చుగానీ తల్లి వైపు నువ్వు సిథియన్‌వి అని నిండు న్యాయసభలో దెప్పిపొడిచాడు. ఏథెన్స్ వక్తల్లో మొదటి పేరు చెప్పుకునే మనిషికే ఈ మాట తప్పలేదు.

సిథియన్ బంగారం అంటారు, అది చేసింది ఎవరు?

రాజుల సమాధుల్లో దొరికిన పేరున్న వస్తువుల్లో చాలా వాటి పనితనం గ్రీకు కంసాలులది, బహుశా పాంటికపేయం వైపు కార్ఖానాలది. కావాలని చేయించుకున్నదీ, ఏం చెక్కాలో చెప్పిందీ సిథియన్లు.

1971లో బోరిస్ మొజొలెవ్‌స్కీ అనే పురావస్తు పరిశోధకుడు (ఆయన కవి కూడా) తోవ్‌స్తా మొహిలా అనే సమాధి దిబ్బలో ఒక బంగారు కంఠాభరణం తీశాడు. బరువు కిలో దాటుతుంది, అడ్డంగా 30 సెంటీమీటర్ల పైనే. మూడు వరసలు. కింది వరసలో రెక్కల గ్రిఫిన్లు గుర్రాల్ని చీలుస్తున్నాయి, చివర్లకు వెళ్ళేసరికి మిడతలు. మధ్య వరస అంతా లతలు, పువ్వులు. పై వరసకు రండి. చొక్కా లేని ఇద్దరు గడ్డం మనుషులు ఎదురెదురుగా మోకాళ్ళ మీద కూర్చుని గొర్రె తోలు చొక్కాను చెరోవైపు పట్టుకున్నారు. వాళ్ళ అమ్ములపొదులు పక్కన. చుట్టూ పిల్లకు పాలిస్తున్న గుర్రం, ఆవు, దూడ, గొర్రె పాలు పితుకుతున్న కుర్రాడు. యుద్ధం లేదు, రాజు లేడు, ఇంటి పని మాత్రమే. అది చేసిన కంసాలి ఆ గొర్రెల మందను దగ్గర నుంచి చూసి ఉండాలి. గ్రీకు కళలో గ్రీకులనే ఇంత తీరిగ్గా, ఇంత ప్రేమగా చూపించిన సందర్భాలు తక్కువని నా అభిప్రాయం.

1830లో కెర్చ్ దగ్గర కుల్ ఒబా దిబ్బలో దొరికిన చిన్న గిన్నె మీద ఇంకా సరదా బొమ్మలున్నాయి. ఒకడు విల్లుకు తాడు కడుతుంటాడు, ఒకడు ఇంకొకడి కాలికి కట్టు కడుతుంటాడు, ఒకడు పక్కవాడి నోట్లో వేళ్ళు పెట్టి పన్ను చూస్తుంటాడు. పన్ను నొప్పివాడు వైద్యుడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

నీళ్ళు కలపకుండా వైన్ తాగేవాళ్ళని సిథియన్లకు పేరు, నిజమేనా?

గ్రీకులు అలాగే అనేవాళ్ళు. వాళ్ళకు వైన్ అంటే నీళ్ళు కలిపి తాగేదే. స్పార్టాలో ఎవరైనా ఘాటుగా పొయ్యమంటే సిథియన్ లెక్కలో పొయ్యి అనేవాళ్ళట. ఆ వైన్ అమ్మింది మాత్రం గ్రీకులే, ఆ జాడీలు సిథియన్ సమాధుల నిండా దొరుకుతున్నాయి.

గొడవలు, యుద్ధాలు జరగలేదా?

ఎందుకు జరగలేదు. క్రీ.పూ. 5వ శతాబ్దం మొదట్లో ఓల్బియా చుట్టుపక్కల పల్లెలు చాలావరకు ఖాళీ అయిపోయాయి, బోస్పొరస్ వైపు ఊళ్ళు గోడలు కట్టుకున్నాయి. అప్పటి నుంచి కొన్నాళ్ళు ఓల్బియా సిథియన్ రాజుల చెప్పుచేతల్లో ఉందని కొందరు చరిత్రకారులు అంటారు. స్కైలెస్ అంత ధీమాగా లోపలికి వెళ్ళి తలుపులు వేయించుకోగలిగాడంటే ఆ మాటలో పస ఉంది.

తరవాత తరవాత అసలు పోరు డబ్బుతో. ప్రోటొజెనెస్ అనే ఓల్బియా షావుకారును పొగుడుతూ ఊరు చెక్కించిన పెద్ద శాసనం ఒకటుంది. పొగడ్తల మాటున ఊరి దీనస్థితి అంతా అందులో బయటపడుతుంది. పొరుగు రాజు సైతఫర్నెస్ తన పరివారంతో వచ్చి కానుకలు అడుగుతాడు. ఖజానాలో ఏమీ లేదు. ప్రోటొజెనెస్ తన డబ్బులోంచి 400 బంగారు నాణేలు ఇస్తాడు. గుడి పాత్రలు తాకట్టులో పోతుంటే విడిపిస్తాడు. ఇంకోసారి అదే రాజు నది అవతల దిగితే 900 నాణేలు పట్టుకుని వెళ్తారు. ఆయనకు అప్పుడూ కోపమే వచ్చింది. విచిత్రమేమిటంటే, గలాటే అనే మరో జాతి దండెత్తి వస్తోందని తెలిసి, సిథియన్లే ఆ గోడల వెనక తలదాచుకోవాలని చూస్తున్నట్టు అదే శాసనంలో ఉంది.

క్రిమియా పడమటి వైపు ఖెర్సోనెసస్ కథ వేరు. అక్కడ క్రీ.పూ. 2వ శతాబ్దంలో స్కిలూరస్, అతని కొడుకు పాలకస్ అనే సిథియన్ రాజులు పొలాలన్నీ మింగుతూ వస్తే, ఊరివాళ్ళు సముద్రం దాటి పాంటస్ రాజు మిథ్రిడేటిస్‌ను పిలుచుకొచ్చారు. ఆయన సేనాని డయొఫాంటస్ సిథియన్లను ఓడించాడు. ఊరు దక్కింది, స్వతంత్రం ఆయన చేతికి పోయింది.

ఇవన్నీ ఇప్పుడు ఎక్కడ చూడొచ్చు?

కుల్ ఒబా గిన్నె సెయింట్ పీటర్స్‌బర్గ్ హెర్మిటేజ్‌లో. కంఠాభరణం కీవ్ మ్యూజియానిది. క్రిమియా మ్యూజియాల వస్తువులు 2014లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో ఉండగా క్రిమియా రష్యా చేతికి వెళ్ళింది. ఎవరికి తిరిగివ్వాలని దాదాపు పదేళ్ళు కోర్టుల్లో నడిచి, 2023లో కీవ్‌కు చేరాయి. ఓల్బియా శిథిలాలు మికొలాయివ్ వైపు పరుతినె అనే పల్లె పక్కన ఉన్నాయి. యుద్ధం వల్ల ఇప్పుడు అటు వెళ్ళే పరిస్థితి లేదు.

చివరికి ఎవరు ఎవరిలా మారిపోయారు?

క్రీ.శ. 1వ శతాబ్దం చివర్లో డియో అనే గ్రీకు వక్త ఓల్బియాకు వెళ్ళాడు. అంతకు ముందు గెటే జాతి వచ్చి ఊరిని నాశనం చేసింది, ఉన్న కాస్త జనం పాత గోడలో ఒక మూల సర్దుకుని ఉన్నారు. ఊరి బయట అతనికి కల్లిస్ట్రాటస్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు గుర్రం మీద ఎదురయ్యాడు. నడుముకు పెద్ద కత్తి, కాళ్ళకు సిథియన్ షరాయి, భుజాన నల్లటి పొట్టి వస్త్రం. గ్రీకు కుర్రాడే. ఇక్కడివాళ్ళ గ్రీకు ఏమంత బాగాలేదు గానీ, హోమర్ కావ్యం ఇలియడ్ మాత్రం దాదాపు అందరికీ కంఠతా వచ్చంటాడు డియో. ఆ కావ్యంలోని వీరుడు అఖిల్లెస్‌కు ఆ ఊళ్ళో గుడి ఉంది.

ముందు రోజు మధ్యాహ్నమే సిథియన్లు దాడి చేసి కాపలావాళ్ళలో కొందర్ని చంపారు, కొందర్ని పట్టుకుపోయారు. కోట తలుపులు వేసి ఉన్నాయి, గోడ మీద యుద్ధ జెండా ఎగురుతోంది. అయినా జనమంతా ఆయుధాలతోనే వచ్చి, జియస్ గుడి ముందు కూర్చుని, ఈ కొత్త మనిషి ఏం చెబుతాడో వినడానికి సిద్ధమయ్యారు. అందరికీ పాతకాలపు గ్రీకుల్లా గడ్డాలు, పొడుగు జుట్టు. ఒక్కడు మాత్రం రోమన్ల మెప్పు కోసం నున్నగా గీయించుకుని వచ్చాడు. ఆ గుంపులో అందరూ చీదరించుకున్నది అతన్ని. షరాయిల సంగతి ఎవరూ ఎత్తలేదు.